అనుమానమ్మ నమ్మిన మనిషి

ఆ ఆసుపత్రి పై అంతస్తు వార్డులో పనిచేసే నర్సుకి అనుమానమ్మ అని పేరు పెట్టింది ఎవరో రోగి. ఆయన ఎప్పుడో నయమై ఇంటికి వెళ్లిపోయాడు. పేరు మాత్రం డిశ్చార్జి కాకుండా వార్డులోనే ఉండిపోయింది. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆవిడకి తెలుసు. తెలిసినా కోపం లేదు. కోపం మాట అటుంచి, లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

మాత్ర ఇవ్వాలన్నా, ఇంజెక్షన్ చెయ్యాలన్నా ఆవిడ పద్ధతి ఆవిడదే. మంచం దగ్గర నిలబడి, "మీ పేరు చెప్పండి" అంటుంది. నిన్ననే చెప్పాం కదా అంటే కుదరదు. పొద్దున కూడా చెప్పాం అన్నా కుదరదు. "ఫలానా మీరేనా?" అని మాత్రం చచ్చినా అడగదు. నొప్పిలోనో మగతలోనో ఉన్న మనిషి ఏది అడిగినా ఊఁ అంటాడు కాబట్టి పేరు వాళ్ల నోటినుంచే రావాలి. వచ్చాక చేతికున్న పేరు పట్టీ చూస్తుంది. డాక్టరు రాసింది చూస్తుంది. మందు సీసా మీది అక్షరాలు తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేటప్పుడు ఒకసారి, సీసా పారేసేముందు ఇంకోసారి చదువుతుంది. మధ్యలో ఎవరైనా పలకరించారో, మళ్లీ మొదటికి. పక్క మంచాలవాళ్లకి ఇదంతా మంచి కాలక్షేపం.

ఇంట్లోనూ ఇదే తంతు. అత్తగారికి రక్తపోటు మాత్ర ఇవ్వడానికి చేతిలో నీళ్ల గ్లాసుతో నిలబడేది.

"మీ పేరు చెప్పండి అత్తయ్యా."

"ఈ ఇంట్లో నేను కాక ఇంకో ముసల్ది ఉందా ఏంటి? ఉంటే పిలు, కాసేపు కబుర్లు చెప్పుకుంటాం."

"చెప్పండి అత్తయ్యా, నాకు డ్యూటీకి టైమవుతోంది."

"చెప్పకపోతే ఏం చేస్తావు, మాత్ర పక్కింటావిడకి ఇస్తావా?"

ఆఖరికి పేరు చెప్పి, ఇంటిపేరుతో సహా చెప్పి, మాత్ర మింగి, "కోడల్ని తెచ్చుకున్నామనుకుంటే పోలీసొచ్చింది" అని కొడుకుతో గొణిగేది. కొడుకు నవ్వి ఊరుకునేవాడు. ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు. ఊళ్లోవాళ్ల తలుపులన్నీ ఆయన చేతిమీదుగా భద్రంగా ఉండేవి. సొంతింటి తలుపు మాత్రం బార్లా తీసి వెళ్లిపోయేవాడు. ఆవిడ పరుగెత్తుకొచ్చి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసేది.

ఆవిడ అనుమానం ప్రతిసారీ నిజమయ్యేదని అనుకోకండి. ఎక్కువసార్లు ఉత్తదే అయ్యేది. ఒకసారి ఓ చిన్న డాక్టరు రాసిన మోతాదు ఎక్కువనిపించి, ఆయన అన్నం తింటుండగా ఫోన్ చేసింది. సరిగ్గానే రాశాను ఇవ్వండి అన్నాడాయన. మళ్లీ చేసింది. "అమ్మా, ఆ రోగి బరువు చూసే రాశాను, మీకు దండం పెడతాను, నన్ను తిననివ్వండి" అన్నాడు. పెద్ద డాక్టరుని అడిగితే ఆయనా అదే మాట. ఇంకొకరైతే సిగ్గుపడి ముఖం దాచుకునేవాళ్లు. ఈవిడ మాత్రం, "ఇప్పుడు ఇస్తాను" అని తీరిగ్గా ఇచ్చింది. తప్పు మందు ఇచ్చాక డాక్టరు రాశాడని చెబితే చట్టం వినదు. ఇచ్చిన చెయ్యి ఎవరిదని అడుగుతుంది. ఆవిడకి ఈ మాట ఎవరో పుస్తకంలోంచి చదివి చెప్పలేదు, చెయ్యి పట్టుకుని చెప్పారు.

చెయ్యి పట్టుకున్నది పెద్దక్క. ఆ వార్డుకి పెద్ద నర్సు. ఆవిడ అందరికీ పెద్దక్కే, డాక్టర్లకి కూడా. అనుమానమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే పేరున్న ఇద్దరు పక్కపక్క మంచాల్లో ఉండేవారు. ఒకాయనకి చెయ్యాల్సిన ఇంజెక్షన్ ఇంకొకాయనకి చెయ్యబోయింది. "మీరేనా?" అని అడిగితే ఆయన పాపం ఊఁ అన్నాడు. సూది చర్మానికి తగలబోయే క్షణంలో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఈవిడ మణికట్టు పట్టుకుంది. పెద్దక్క అరవలేదు, ఎవరికీ చెప్పి పరువు తియ్యలేదు. పక్కకి తీసుకెళ్లి, మంచినీళ్లు తాగించి, "ఇకనుంచి నిన్ను నువ్వు కూడా నమ్మకు" అంది. పేరు అడిగే పద్ధతి, సీసా చదివే పద్ధతి, అన్నీ ఆవిడ నేర్పినవే.

అప్పట్నుంచి అనుమానమ్మ లోకంలో అందర్నీ అనుమానించింది. తనను తాను అనుమానించుకుంది. పెద్దక్కను తప్ప.

సంగతంతా వడ్రంగితో మొదలైంది.

కిటికీ పక్క మంచంలోకి ఒక ముసలి వడ్రంగిని చేర్చారు. ఎముకల్లోకి పాకిన జబ్బు. నయం చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు, నొప్పి లేకుండా చూడటం ఒక్కటే మిగిలింది. దానికి గట్టి ఇంజెక్షన్ రాశారు. అది మత్తు జాతి మందు, ఆషామాషీది కాదు. విడిగా తాళం బీరువాలో ఉంటుంది. సీసాలో ఉన్నదంతా ఆయనకి అక్కర్లేదు, సగమే చెయ్యాలి. మిగిలిన సగం సింకులో పారబొయ్యాలి. పారబోసేటప్పుడు ఇంకో నర్సు పక్కన నిలబడి కళ్లారా చూసి, చూశానని సంతకం పెట్టాలి. ఒంటిచేత్తో ఎవరూ చెయ్యకూడదు, అది చట్టం.

వడ్రంగి మంచి హాస్యగాడు. మీ పేరు చెప్పండి అని అనుమానమ్మ అడిగితే, ఒక పూట మహారాజునంటాడు, ఒక పూట ఈ ఆసుపత్రి ఓనర్నంటాడు. "సరిగ్గా చెప్పండి, లేకపోతే ఇంజెక్షన్ లేదు" అంటే, "రాజుగారికి ఇంత అవమానమా" అంటూ అసలు పేరు చెప్పేవాడు. మంచం తల దగ్గర ఉన్న చిన్న అల్మరా తలుపు కిర్రుమంటుంటే, "ఏ దరిద్రుడు బిగించాడో" అని పడుకున్నచోటే తిట్టేవాడు.

కొన్నాళ్లకి ఆ హాస్యం పోయింది. అనుమానమ్మ ఇంజెక్షన్ చేసిన పూట బాగానే ఉండేవాడు. మిగతా పూటల్లో పళ్లు బిగబట్టి, మంచం చువ్వ పట్టుకుని, దుప్పటి నోట్లో కుక్కుకునేవాడు. ఒకరోజు ఆవిడ చెయ్యి పట్టుకుని దగ్గరకి లాగాడు.

"అమ్మా, ఒక మాట చెబితే కోప్పడవు కదా?"

"చెప్పండి."

"పెద్దక్కగారు చేస్తే నాకు ఎక్కట్లేదమ్మా. సూది గుచ్చిన నొప్పి ఒకటే మిగులుతోంది."

కోప్పడనని మాటైతే ఇవ్వలేదు కదా, కోప్పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు చెయ్యి పట్టి నేర్పిన మనిషండీ ఆవిడ. మందు ఎవరు చేసినా మందే. కాస్త ఓర్చుకోవాలి, ఎక్కడానికి టైం పడుతుంది" అని దులిపేసింది. ఆయన ఆవిడ చెయ్యి వదిలేశాడు. పక్కనే ఉండి ఆయన్ని చూసుకుంటున్న కూతురు కూడా ఆయన్నే కసిరింది. "నాన్నా, ఊరికే అలా మూలగకు. అందరికీ ఇబ్బంది. డాక్టరుగారు కూడా ఇది సగం మనసులోదే అన్నారు" అంది. ఆ తర్వాతనుంచి ఆయన మూలగడం కూడా మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

గోడవైపు తిరిగిన ఆ వీపు అనుమానమ్మని కుదురుగా ఉండనివ్వలేదు. అయినా ఆవిడ అనుమానం పోవాల్సిన చోటికి తప్ప మిగతా చోట్లన్నిటికీ పోయింది.

ముందు మందు మీదికి పోయింది. సరుకు నాసిరకమేమోనని సీసాల పెట్టె తీసి తారీఖులు చూసింది, వెలుతురులో పెట్టి ఊపి చూసింది. మందుల స్టోరు ఆయన దగ్గరకి వెళ్లి, ఎక్కడ తెప్పిస్తున్నారు, ఎండలో పెట్టారా, మధ్యలో ఎవరి చేతికైనా వెళ్లిందా అని ఆరా తీసింది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నా మీద సీబీఐ ఎంక్వైరీ వేశారా సిస్టర్?" అన్నాడు. తర్వాత వడ్రంగినే అనుమానించింది. మత్తుకి అలవాటుపడి ఇంకా కావాలని నాటకమాడుతున్నాడేమో అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించిందిగానీ, అప్పటికి మాత్రం అనుకుంది.

ఆ తర్వాత కొత్తమ్మాయి మీద పడింది. కొత్తమ్మాయి అంటే ఈమధ్యే చేరిన నర్సు. పెద్దక్క పని ఎక్కువైనప్పుడు అప్పుడప్పుడూ బీరువా తాళంచెవి ఆ పిల్ల చేతికిచ్చేది. ఆ పిల్ల ఉన్నట్టుండి మాయమవుతుంది. దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. బయటికొచ్చేటప్పుడు మూతి తుడుచుకుంటూ, ఎవరైనా చూశారా అని అటూఇటూ చూస్తూ వస్తుంది. ఇంకేం కావాలి? అనుమానమ్మకి దొంగ దొరికిపోయింది. ఒకరోజు పిల్లిలా వెనకే వెళ్లి తలుపు ధడాలున తెరిచింది.

కొత్తమ్మాయి దుప్పట్ల గుట్ట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని బిస్కెట్లు తింటోంది. ఒక బిస్కెట్ సగం నోట్లో, సగం బయట అలాగే ఆగిపోయింది.

"బయట తింటుంటే ఎవరో ఒకరు సెలైన్ అయిపోయిందంటూ వస్తారు సిస్టర్" అంది ఆ పిల్ల, ఏడుపు గొంతుతో. తర్వాత పొట్లం ముందుకి చాపి, "మీకూ కావాలా?" అంది.

అనుమానమ్మ ఒక బిస్కెట్ తీసుకుని తలుపు మూసేసి వచ్చింది. 

ఆ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చిన భర్తకి టీ ఇస్తూ, పేర్లు చెప్పకుండా, ఊరికే అడుగుతున్నట్టు అడిగింది. "ఏవండీ, తాళం బాగానే ఉంటుంది, లోపలి వస్తువు మాత్రం పోతుంది. అప్పుడు మీరేం చేస్తారు?"

"తాళం వైపు చూడను" అన్నాడాయన, టీ ఊదుకుంటూ. "తాళం పగిలితే బయటివాడి పని. పగలకుండా పోతే ఇక తాళాన్ని విప్పి చూడటం దండగ. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతాను. వచ్చినవాళ్లు అందరి పేర్లూ చెబుతారు, ఒక్కరి పేరు తప్ప."

"ఎవరి పేరు?"

"వాళ్లకి బాగా ఇష్టమైనవాళ్లది."

టీ గ్లాసు ఖాళీ అయినా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. అత్తగారు లోపల్నుంచి, "ఇవాళ నా పేరు అడగవా ఏంటి?" అని కేకేసింది. ఆ పూట మాత్ర ఇవ్వడం మర్చిపోయింది ఆవిడ.

మర్నాడు డ్యూటీలో ఉన్నంతసేపూ ఒకటే గుర్తుకొచ్చింది. వడ్రంగి ఇంజెక్షన్ పెద్దక్క తీసిన ప్రతిసారీ పక్కన ఉండాల్సింది తనే. పెద్దక్క లోపల్నుంచి, "పారబోసేశానే, సంతకం పెట్టు" అనేది. ఈవిడ ఏ రోగికో కట్టు కడుతూనో, జ్వరం చూస్తూనో ఉండేది. వచ్చి గబగబా సంతకం పెట్టేది. పారబోయడం ఒక్కసారి కూడా చూడలేదు. చూశానని మాత్రం ప్రతిసారీ సంతకం చేసింది. ఇంకెవరైనా అలా పిలిచి ఉంటే, సీసా చూపించు, సింకు చూపించు, ఒట్టు పెట్టు అనేది. పెద్దక్క ముందు అడగడమంటే, కన్నతల్లి పెట్టిన అన్నంలో రాళ్లు ఏరినట్టుంటుందని అడగలేదు.

మధ్యాహ్నం పెద్దక్క తాళంచెవి తీసుకుని బీరువా వైపు నడిచింది. అనుమానమ్మ చేతిలో పని వదిలేసి వెనకే వెళ్లింది.

"బీరువా దగ్గర్నుంచి మంచం దాకా నేనూ వస్తానక్కా."

పెద్దక్క చెయ్యి తాళం మీద ఆగింది. "ఏంటి, కొత్తగా?"

"రూలే కదక్కా."

"ఆ రూలు నీకు నేర్పిందెవరు?"

"నువ్వే."

పెద్దక్క నవ్వింది. పెదవులే నవ్వాయి. తాళం తీసింది, సీసా తీసింది, గట్టిగా చదివి వినిపించింది, కాస్త వెటకారంగానే. సీసా మెడ విరిచేటప్పుడు వేలు కోసుకుంది. అన్నేళ్లలో పెద్దక్క వేలు కోసుకోవడం అనుమానమ్మ ఎప్పుడూ చూడలేదు. మందు సగం సిరంజిలోకి లాగి, మిగిలింది ఈవిడ కళ్ల ముందే సింకులో పోసి, "చాలా? సింకు కూడా నాకి చూస్తావా?" అంది. అనుమానమ్మ తల దించుకుంది. మంచం దాకా తల దించుకునే నడిచింది. ఇంజెక్షన్ అయ్యాక పెద్దక్క మాట్లాడకుండా వెళ్లిపోయింది. అనుమానమ్మకి ఏడుపొచ్చింది. ఛీ, నా బుద్ధి పాడుగాను, దేవత లాంటి మనిషిని పట్టుకుని ఎంత పని చేశాను అనుకుంది. సాయంత్రం కాళ్ల మీద పడదామని కూడా అనుకుంది.

కాసేపటికి కిటికీ వైపునుంచి గురక వినిపించింది.

వడ్రంగి వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, అల్మరా తలుపు కిర్రుమనే చప్పుడు కూడా వినపడనంత గట్టిగా గురక పెడుతున్నాడు. కూతురు కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "సిస్టర్‌గారూ, నాన్న నిద్రపోయాడు! పెద్దక్కగారి చేతి ఇంజెక్షన్‌కి నిద్రపోవడం ఎన్నాళ్లకి చూశానో!" అంది. పక్క మంచాలవాళ్లు కూడా సంబరపడ్డారు.

అనుమానమ్మ మాత్రం అక్కడే నిలబడి లెక్క వేసుకుంది. అదే మందు, అదే పెట్టెలోది, చేసింది అదే పెద్దక్క. మారిందల్లా ఒకటే. ఇవాళ పక్కన నిలబడి చూసింది తను.

పెద్దక్కని దుప్పట్ల గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఎలా అడగాలో తెలియలేదు. "ఆయన నిద్రపోయాడక్కా" అంది, అంతే.

"నిద్రపోక ఏం చేస్తాడు? మందు పడ్డాక నిద్రపోరా?" పెద్దక్క గొంతు పెంచింది. "నన్నా? నన్ను అనుమానిస్తావా నువ్వు? ఆ రోజు నీ చెయ్యి పట్టుకోకపోతే నువ్వు ఎక్కడుండేదానివో గుర్తుందా?"

"గుర్తుందక్కా. అందుకే ఇన్నాళ్లూ అడగలేదు."

ఆ మాటకి పెద్దక్క గోడ పట్టుకుంది. మెల్లగా, నడుం మీద చెయ్యి వేసుకుని, దుప్పట్ల మీద కూలబడింది. 

"రోగుల్ని ఎత్తీ దించీ నా నడుం పోయింది. నీకు తెలీదు, ఎవరికీ తెలీనివ్వలేదు. నిలబడలేకపోయేదాన్ని. పారబోసేదే కదా అనుకున్నా మొదట్లో. కాలవలోకి పోయేది నా ఒంట్లోకి పోతే ఎవరి సొమ్ము పోయిందనుకున్నా. తర్వాత అది చాల్లేదు."

"ఆయనకి ఏం చేశావక్కా?"

"సెలైన్."

ఉత్త ఉప్పునీళ్లు. ఎముక కొరుకుతున్న నొప్పికి ఉప్పునీళ్లు. అనుమానమ్మకి ఆ క్షణంలో పెద్దక్క జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. అదే క్షణంలో ఆ నడుం నిమరాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"నేను సెలవు పెడతాను. మానేస్తాను. నువ్వు నోరు మెదపకు" అంది పెద్దక్క. కాసేపాగి, "ప్రతిచోటా నా సంతకం పక్కన నీ సంతకం ఉంది. చూశానని పెట్టావు. నేను పోతే నువ్వూ పోతావు" అంది.

"బెదిరిస్తున్నావా?"

"లేదే. బతిమాలుతున్నాను."

"తాళంచెవి ఇలా ఇవ్వక్కా."

పెద్దక్క చెయ్యి జేబు మీదికి వెళ్లింది. జేబుని గట్టిగా అదిమి పట్టుకుందే తప్ప ఇవ్వలేదు. అంతవరకూ అనుమానమ్మ మనసు అటూఇటూ ఊగుతూనే ఉంది. ఆ చెయ్యి చూశాక ఆగింది. సాయంత్రం వడ్రంగికి ఇంకో ఇంజెక్షన్ ఉంది.

నర్సులందరి మీదా అధికారి మేట్రన్. ఆవిడ గది కింద అంతస్తులో. మెట్లు దిగుతుంటే ఆవిడకి ఉద్యోగం గుర్తొచ్చింది, నర్సు రిజిస్ట్రేషన్ గుర్తొచ్చింది, అది పోతే ఇంకెక్కడా సూది పట్టనివ్వరని గుర్తొచ్చింది. అత్తగారు గుర్తొచ్చింది. పోలీసు కోడలు కాస్తా ముద్దాయి అయిందంటే ఏమంటుందో! మెట్ల మలుపులో ఆగి, వెనక్కి కూడా చూసింది. పై నుంచి ఇంకా గురక వినపడుతున్నట్టే అనిపించింది. అంత దూరం వినపడదు, అది ఆవిడ భ్రమే.

మేట్రన్ ముక్కుసూటి మనిషి. కళ్లజోడు పైనుంచి చూసి, "ఏంటి?" అంది.

"మేడం, మత్తు ఇంజెక్షన్ మిగిలింది పారబొయ్యడం చూడకుండానే, చూశానని సంతకం పెట్టాను" అంది అనుమానమ్మ. పెద్దక్క సంగతి తర్వాత చెప్పింది. ముందు తన సంగతే చెప్పింది.

"ఎన్నిసార్లు?"

"పెద్దక్క తీసినప్పుడల్లా."

మేట్రన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "అందరి ప్రాణాలూ తోడేస్తావు కదా నువ్వు, పేర్లనీ పట్టీలనీ. నువ్వా?"

"నేనే మేడం."

"ఇచ్చిన చేతిదెంత బాధ్యతో, చూశానని రాసిన చేతిదీ అంతే. నర్సింగ్ కౌన్సిల్‌కి రాయాలి. నీ గురించి కూడా రాయాలి."

"రాయండి."

"నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు" అంది మేట్రన్, గొంతు కాస్త తగ్గించి.

"వడ్రంగికి తెలుసు మేడం. మనమే నమ్మలేదు."

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. డాక్టరు వచ్చాడు, తాళాలు మారాయి. పెద్దక్క చేతినుంచి తాళంచెవి మేట్రన్ తీసుకుంది. "ముందు ఈవిడ్ని డాక్టరుకి చూపించండి, కాయితాల సంగతి తర్వాత" అని చక్రాల కుర్చీ తెప్పించింది. ఎంతమందినో ఆ కుర్చీలో కూర్చోబెట్టి తోసిన పెద్దక్క, తను కూర్చోవడానికి ఒప్పుకోలేదు. నడుం పట్టుకుని నడిచే వెళ్లింది. అనుమానమ్మ వైపు చూడలేదు. విచారణ అయ్యేదాకా మందుల జోలికి వెళ్లొద్దని అనుమానమ్మకీ చెప్పారు.

ఇక వడ్రంగికి చెప్పడం ఒకటి మిగిలింది. మందులో కాస్త తేడా జరిగిందని మెత్తగా చెబుదాం అన్నాడు డాక్టరు. తేడా అంటే ఆయనకేం అర్థమవుతుంది, ఉన్నదున్నట్టు నేనే చెబుతాను అంది అనుమానమ్మ. మేట్రన్ తల ఊపింది.

వడ్రంగి అప్పుడే నిద్రలేచాడు. కూతురు ఆయన వీపు వెనక దిండు సర్దుతోంది. అనుమానమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. మీకు రావాల్సిన మందు చాలాసార్లు మీకు రాలేదు, దాని బదులు ఉప్పునీళ్లు చేశారు, పక్కన ఉండి చూడాల్సిన నేను చూడకుండా చూశానని సంతకం పెట్టాను, మీరు చెప్పినా వినకుండా మిమ్మల్నే కసిరాను అని చెప్పింది. నీళ్లు నమల్లేదు, దాచలేదు. 

ఆయన మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"అయితే నా నొప్పి అబద్ధం కాదన్నమాట" అన్నాడు.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయన కాళ్ల దగ్గర తల పెట్టి ఏడ్చింది. "నాకే అనుమానం వచ్చిందిరా," అన్నాడాయన, ఆమె తల మీద చెయ్యి వేసి. "ముసలితనానికి మతి పోయి లేని నొప్పి ఉందనుకుంటున్నానేమో అనిపించింది."

సాయంత్రం కొత్తమ్మాయి ట్రే పట్టుకుని వచ్చింది. వెనకే మేట్రన్. వడ్రంగి చెయ్యి గుండెలకి దగ్గరగా ముడుచుకున్నాడు, చాపలేదు. ఇదివరకు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

"ఏదీ, సీసా చూపించు" అన్నాడు.

ఆ పిల్ల చూపించింది. చదివి వినిపించింది.

"మిగిలింది పోశావా?"

"పోశానండి. మేట్రన్‌గారు చూశారు."

"నిజంగా చూశారా, ఊరికే సంతకం పెట్టారా?"

మేట్రన్ ముఖం ఎర్రబడింది. "చూశానండీ" అంది. అప్పుడు చెయ్యి చాపాడు. కొత్తమ్మాయి పేరు అడిగింది. మహారాజూ లేడు, ఆసుపత్రి ఓనరూ లేడు. అసలు పేరు, ఇంటిపేరుతో సహా సూటిగా చెప్పాడు. సూది దిగుతున్నంతసేపూ సిరంజి మీంచి కళ్లు తిప్పలేదు.

అనుమానమ్మ మంచం కాళ్ల దగ్గర, చేతిలో ఏ పనీ లేకుండా నిలబడి ఉంది. ఏ పనీ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. ఆయన తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. తిట్టేవాడిలా లేడు. తిట్టినా బాగుండేది.

"నన్ను రోజూ పేరు అడిగావు కదమ్మా," అన్నాడు. "నీకు తెలిసిన పేరే, అయినా అడిగావు. పెద్దక్కగారిని కూడా ఒక్కసారి అడిగుంటే బాగుండేది."

"అవునండీ" అంది ఆవిడ.

 ఆయన వేళ్లు మంచం చువ్వని ఇంకా బిగించి పట్టుకునే ఉన్నాయి. మందు ఎక్కి అవి ఒక్కొక్కటే వదులయ్యేదాకా, ఈసారి కన్ను తిప్పకుండా, చూస్తూ నిలబడింది.